అర టన్ను

ఒంగోలు బైపాస్ నిండా డ్రైవర్లు లేని లారీలే తిరుగుతున్న రోజులవి. పొగాకు కూలీ రాహేలమ్మ మొగుడు ఏసోబుని, సైకిల్ మీద పోతుంటే, ఒక లారీ గుద్ది ఆగకుండా పోయింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. నెల తిరిగాక ఆమె నష్టపరిహారం అడగడానికి రోడ్డు ఆఫీసుకి వెళ్లింది.

"అసలు గుద్దినట్టే లేదమ్మా," అన్నాడు గుమాస్తా, తెర చూసి. "లారీ నలభై టన్నులు. మీ ఆయనా సైకిలూ కలిపి తొంభై కిలోలు. దాని వేగం గంటకి పావు కిలోమీటరు కూడా తగ్గలా. ఒక్క కిలోమీటరన్నా తగ్గితేనే యాక్సిడెంటు కింద లెక్క."

"మొన్న గిత్తని గుద్ది ఆగిందంటగా?"

"అది అర టన్ను గిత్తమ్మా. తగిలితే లారీకి తెలుసుద్ది."

"మడిసి తగిలితే తెలవదా?"

గుమాస్తా తెర తనవైపు తిప్పుకుని, వెనకున్న వాళ్లని రమ్మన్నాడు.

మర్నాడు పనికి పోతూ రాహేలమ్మ చాంతాడు తెచ్చింది. తనతో కలిపి పదకొండు మంది కూలీల నడుములకూ కట్టి, ముడులు లాగి చూసింది.

"మడిసికి యాభై కిలోలేసుకున్నా అర టన్ను దాటాం. పదండే. ఇప్పుడు గుద్దమను, తెలియాల దానికి!"

పదకొండు మంది ఆడవాళ్లూ ఒక్క గిత్తంత బరువై రోడ్డెక్కారు.