గడప దాటని పిల్లి

“గడప కూడా దాటలేదండీ ఇది! దీనికెలా వస్తుంది?”

అని అడిగింది నర్సమ్మ. పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎన్ని చావులు చూసిందో లెక్కలేదు. అలాంటిది, బల్లమీద వాలిపోయి పడున్న పిల్లికూనను చూసి బెంబేలెత్తిపోయింది. పిడికిట్లో పట్టేంత ఉందని దానికి పిడికెడు అని పేరు పెట్టుకుంది. నిన్నటిదాకా ఇల్లు పీకి పందిరేసింది. ఈ పొద్దుట్నించీ ఒకటే వాంతులు.

పశువుల డాక్టరు పరీక్ష పట్టీ చూపించాడు. రెండు గీతలు.

“మీ వీధిలో తిరుగుతున్న రోగమేనమ్మా. ఈ వైరస్ పేగుల్ని పాడుచేస్తుంది. ఒంట్లో తెల్లకణాల్ని ఊడ్చేస్తుంది.”

“మందు లేదా?”

“వైరస్‌ని చంపేది లేదు. సెలైన్ పెడదాం, వాంతులు ఆపుదాం, వేరే జబ్బులు అంటుకోకుండా ఇంజెక్షన్లిద్దాం. నాలుగు రోజులు తట్టుకుందా, బతికినట్టే. టీకా వేయించారా?”

“వచ్చేవారం వేయిద్దామనుకున్నా. నా బుద్ధి గడ్డి తింది!”

అంత భయంలోనూ డాక్టరుకంటే ముందే కూన కాలిమీద నరం వెతికిపెట్టింది నర్సమ్మ. చెయ్యి తిరిగిన మనిషి మరి! సూది ఎక్కినా పిడికెడు కళ్ళు తెరవలేదు. దానికేమైనా అయితే ఖాళీ ఇంటికి ఎలా వెళ్ళాలో ఆవిడకు తోచలేదు.

“అంతా ఆ గజదొంగ పనేనండీ! అదే, ఒంటికన్ను గండుపిల్లి. రెండు వారాల కిందట మొదట దర్జీ ఇంట్లో పిల్లి పోయింది. పాపం, నా ఒళ్ళోనే ప్రాణం వదిలింది. తర్వాత ఇస్త్రీ ఆయన దగ్గర రెండు. పూటపూటా వెళ్ళి సిరంజితో నీళ్ళు పట్టాను, దక్కలేదు. నిన్న టీచరమ్మ తెల్లపిల్లి మూలపడింది. ఆ గజదొంగ కంటబడనీ, నడ్డి విరగ్గొడతాను!”

“కాలు విరిగితే మూడు వారాలుగా అది మా వెనకగదిలోనే ఉందమ్మా. నిక్షేపంలా ఉంది. ఏ రోగమూ లేదు.”

నర్సమ్మ నోరెళ్ళబెట్టింది. “మరి ఈ రోగాన్ని ఎవరు మోస్తున్నారండీ?”

“పిల్లే మోయక్కర్లేదు. మనుషుల బట్టలమీద, చెప్పులమీద కూడా వస్తుంది. మామూలు సబ్బుకి చావదు. నెలల తరబడి అలాగే ఉంటుంది.” డాక్టరు సెలైన్ చుక్కలు సరిచేశాడు. “టీచరమ్మ ఉండేది మూడో అంతస్తు. కిటికీలకు జాలీలు. అక్కడికి ఎలా వెళ్ళిందో అదే నాకు అంతుపట్టటం లేదు.”

“అవునండీ! భయంతో ఆవిడ పనిమనిషిని కూడా మాన్పించేసింది. పురుగుని కూడా లోపలికి రానివ్వదు.”

“ఎవరో ఒకరు వెళ్ళుండాలి. బాగా గుర్తు చేసుకోండి. ఇంకో ఇంటికి వెళ్ళకముందే వాళ్ళని ఆపాలి.”

నర్సమ్మ గుర్తు చేసుకుంది. కూనను నిమురుతున్న చెయ్యి ఆగింది. ఆవిడ చప్పున బల్లకు దూరంగా జరిగి గోడకు ఆనుకుంది.

“పోయిన వారం టీచరమ్మ... పిల్లి బాగానే ఉందో లేదో ఓసారి చూసి పెట్టమని...”

“ఎవర్ని పిలిచింది?”

“నన్నొక్కదాన్నేనండీ.”