రెండు దీనార్ల సముద్రం

"ఈ ఆట అసలు ధర ఎంతమ్మా?"

వరసలోంచి ఒక సీడీ తీసి పట్టుకుని అడిగాడా పెద్దాయన.

నజీహాకి నవ్వొచ్చింది. స్ఫాక్స్ రేవుపట్నంలో పాత కోటగోడ పక్కనున్న ఆమె అంగట్లో అసలు ధర అడిగినవాడు అప్పటిదాకా లేడు. అక్కడున్నవన్నీ నకళ్ళే. వెనక గదిలో ఆమే తీస్తుంది.

"మా దగ్గర రెండు దీనార్లు, పెద్దాయనా."

"అసలుదైతే?"

"ముప్పై అయిదట! మా తమ్ముడు ఆలివ్ గానుగలో వారమంతా గొడ్డులా పనిచేస్తే వచ్చేదంత. పిల్లల ఆటకి ఆ ధర పెట్టినవాడికి కళ్ళు నెత్తికెక్కుండాలి."

ఆయన సీడీని అటూ ఇటూ తిప్పాడు.

"ఎనిమిది పెట్టుంటే?"

నజీహా కాస్త ఆలోచించింది.

"ఎనిమిదైతే అసలుదే తెచ్చి అమ్మేదాన్ని. మెరిసే పెట్టె, లోపల బొమ్మల పుస్తకం... పండక్కి అడిగితే ఏ తండ్రయినా కాదంటాడా?"

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడాయన.

రెండు దీనార్లు బల్లమీద పెట్టాడు. సీడీ మాత్రం తీసుకోలేదు.

"ఎవరైనా పిల్లలు అడిగితే ఇచ్చెయ్. నేను కాసేపు ఇక్కడ కూచుంటాను."

ఆ రోజులే వేరు. బడి వదిలితే చాలు, పిల్లలంతా వచ్చి అంగట్లో ఆట యంత్రాల ముందున్న బెంచీల మీద వాలేవాళ్ళు. ఆడేవాడు ఒక్కడు, అరిచేవాళ్ళు పదిమంది. కారం రాసిన రొట్టె తింటూ అవే వేళ్ళతో మీటలు నొక్కి తిట్లు తినేవాళ్ళు.

మిగతా ఆటల్లో ఎక్కడెక్కడి సైనికులో, ఎవరెవరి కార్లో. పెద్దాయన ధర అడిగిన ఈ ఒక్క ఆటలోనే, ఊరికెదురుగా ఉన్న కెర్కెన్నా దీవుల కుర్రాడు అడుగున పెరిగే స్పాంజి కోసం సముద్రంలో మునిగేవాడు. తమ పడవలు, తమ మాట, తమ నీళ్ళు. పిల్లలు దాన్ని వదిలేవాళ్ళు కాదు.

పెద్దాయన రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. ఆట చూస్తూ చూస్తూ ఉండబట్టలేక సగం లేచేవాడు.

"కుడివైపుకి పోరా, కుడివైపుకి! అటంతా ముళ్ళే!"

"నీకెలా తెలుసు తాతా? నువ్వెప్పుడైనా ఆడావా?"

"మిమ్మల్ని చూసే నేర్చుకున్నాలే."

ఒకరోజు ఆట గుహ దగ్గర బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే ఆగింది.

"నీ కాపీ పాడుగాను, నజీహా అక్కా!" అని గోలెత్తారు పిల్లలు.

మర్నాడు పెద్దాయన జేబులోంచి ఇంకో సీడీ తీసిచ్చాడు.

"ఇది వేసి చూడు. ఆగదు."

నిజంగానే ఆగలేదు. నజీహా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఓహో, మీరూ మా బాపతేనా! ఏ బజార్లో అమ్ముతారు?"

ఆయన కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

"మీ బాపతే తల్లీ, మీ బాపతే."

డబ్బిస్తే పుచ్చుకోలేదు.

ఆ చలికాలంలో నకళ్ళ అంగళ్ళమీద దాడులంటూ ఊరంతా పుకారు లేచింది. తమ్ముడు మోంజీ పరిగెత్తుకొచ్చాడు.

"నీకు మతిపోయిందా అక్కా? ఆ ముసలాడు కొనడు, ఆడడు, రోజూ వచ్చి కాపలా కుక్కలా కూచుంటాడు. ఆటల కంపెనీ పంపిన మనిషి వాడు! లేకపోతే అంత మంచి కాపీ వాడికెక్కడిది?"

ఆ మధ్యాహ్నం నజీహా పెద్దాయనని గడపలోనే ఆపేసింది.

"ఇంక రాకండి. మీరెవరో నాకు తెలిసింది. మీకు పుణ్యముంటుంది, మా పొట్టమీద కొట్టకండి."

ఆయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. లోపల పిల్లలు గుహ దాటి కేకలేస్తున్నారు.

"నేనిప్పుడు ఏ కంపెనీ మనిషినీ కాను తల్లీ," అన్నాడు మెల్లగా.

టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

దాడీ జరగలేదు, ఆయనా మళ్ళీ రాలేదు. "తాతేడీ?" అని పిల్లలు కొన్నాళ్ళు అడిగి మానేశారు.

ఏళ్ళు గడిచాయి. బెంచీలు పోయాయి. అంగట్లోకి ఫోన్ల తొడుగులు, ఛార్జర్లు వచ్చాయి. అప్పటి పిల్లలు తమ పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, "ఆ సముద్రం ఆట ఇంకా ఉందా అక్కా?" అనేవాళ్ళు. అందుకే వెనక గదిలో ఒక పాత యంత్రాన్నీ, ఆ సీడీనీ పారేయడానికి నజీహాకి చేతులు రాలేదు.

ఒకరోజు ట్యూనిస్ నుంచి ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. ఆ ఆటే అడిగింది.

"ఎంతయినా ఇస్తానక్కా."

"డబ్బు సంగతి తర్వాత. ముందు నడుస్తుందో లేదో చూద్దాం రా."

యంత్రం మూలిగి మూలిగి మేలుకుంది. తెరమీద నీలినీళ్ళు పరుచుకున్నాయి. పడవ కొసన నిలబడి ముసలి సరంగు కేకేశాడు.

"ఊపిరి బిగబట్టరా కొడకా! సముద్రం ఎవడబ్బ సొత్తూ కాదు!"

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఆడవా?" అంది నజీహా.

"నాకు ఆడటం రాదక్కా. వినడానికొచ్చాను. ఇంకోసారి వేస్తావా?"

నజీహా మళ్ళీ వేసింది. సరంగు మళ్ళీ కేకేశాడు.

"ఆట అమ్ముడుపోక కంపెనీ మూతపడింది. ఆట సీడీలతో సహా అందులో సామానంతా తూకానికి పోయింది," అందావిడ కళ్ళు తెరవకుండానే. "మొన్న రంజాన్‌కి ముందు కన్నుమూసేముందు చెప్పాడు, కోటగోడ పక్క అంగట్లో నజీహా అనే అమ్మాయి దగ్గర తప్పకుండా ఉంటుందని. దీన్ని తయారుచేసింది మా నాన్నే అక్కా, ఆ సరంగు గొంతూ ఆయనదే."