మురికి పట్టని కాలరు

"మెల్లగా లేచి నిలబడండి," అంది డాక్టరమ్మ.

ముప్ఫయ్యేళ్ళుగా బేకరీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, మంచం దిగి రెండు నిమిషాలు నిలబడలేకపోయాడు. తూలిపోతుంటే భార్య పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టింది.

డాక్టరమ్మ ఆయన చేతికున్న బీపీ పట్టీ విప్పింది. "నిలబడగానే బీపీ సగానికి పడిపోతోంది. చెమట బాగానే పడుతోందా?"

"పొయ్యి దగ్గర పని కదండీ," అన్నాడాయన, మాట దాటేస్తూ.

"పట్టదండీ," అంది భార్య. "రెండేళ్ళయింది. ఈయన చొక్కా కాలరుకి సబ్బు రుద్దే పనే లేదు."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "బీపీ, చెమట... ఇవన్నీ మనం చెప్పకుండానే ఒళ్ళు చేసుకుపోయే పనులమ్మా. వాటిని నడిపే నరాలు పాడైపోతున్నాయి. చాలా అరుదైన జబ్బు. కళ్ళు తిరగకుండా మందిస్తాను. జబ్బును ఆపే మందు మాత్రం లేదు."

ఆవిడ వెళ్ళిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు.

"పొయ్యి దగ్గరుండే మనిషి చొక్కా ఇలా ఉంటుందా, ఎక్కడ బలాదూరు తిరిగొస్తున్నారని ఎన్ని మాటలన్నాను," అంది భార్య. "చెమట పట్టట్లేదని మీకైనా తెలీలేదా?"

"తెలుసు."

"మరి చెప్పొద్దూ?"

ఆయన ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు.

"కాలర్లు రుద్దీ రుద్దీ ఇవి పగిలిపోయేవి," అన్నాడు. "మానుతున్నాయి కదా అని ఊరుకున్నాను."