పిట్టలమ్మ

"పిట్టలమ్మ పెడితేనే తింటా!"

పప్పన్నం గిన్నెను అవతలికి తోసేసి పింకీ ఎదురు ఫ్లాట్‌లోకి పరుగెత్తింది.

కలిపిన ముద్ద భార్గవి చేతిలోనే ఉండిపోయింది.

పిట్టలమ్మ అంటే భాగ్యమ్మ. నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంట్‌లోకి ఏడాది కిందట కిరాయికి వచ్చిన ఒంటరి మనిషి. బాల్కనీకి వల కట్టించి రంగురంగుల లవ్‌బర్డ్స్‌ని పెంచుతోంది. వాటిలో కుంటిది, ఆకుపచ్చది, ఒక్కటి మాత్రం హాల్లో వేరే పంజరంలో ఉంటుంది.

"అది మాటలు కూడా చెప్తుందమ్మా! ఏమంటుందో తెలుసా?" అనేది పింకీ.

"కాల్‌లో ఉన్నా. తర్వాత చెప్పు."

ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే భార్గవికి, బడి నుంచి రాగానే కూతురు ఎదురింటికి పోవడం మొదట్లో హాయిగానే ఉండేది. రానురాను మీటింగ్‌లో ఉండగా అటునుంచి పింకీ నవ్వు వినిపిస్తే కడుపు రగిలిపోయేది. తన దగ్గర ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్లయింది?

"పేర్లో కూడా అమ్మని పెట్టుకుంది చూడబ్బా" అంది మొగుడితో.

"పేరు పెట్టింది నీ కూతురే గదా!" అని నవ్వాడు గిరీష్.

పుండు మీద కారం చల్లినట్టయింది ఆమెకి.

అప్పుడే పింకీకి దగ్గు పట్టుకుంది. ఎన్ని సిరప్పులు తాగించినా తగ్గలేదు. బిడ్డ దగ్గుతుంటే భార్గవి ప్రాణం విలవిల్లాడింది. నిజం చెప్పాలంటే, మనసులో ఏ మూలో చిన్న సంతోషం కూడా కలిగింది. భాగ్యమ్మను అనడానికి ఒక మాట దొరికింది మరి!

నేరుగా వెళ్లి తలుపు కొట్టింది.

"మీ పిట్టల వల్లే మా పాపకి దగ్గు. ఆ ఈకలు, ఆ రెట్టలు!"

"జర ఇను బిడ్డా. పిట్టల డాక్టర్ మొన్ననే చూసిండు, ఏ రోగం లేదన్నడు. దినాం ట్రేలు కడుగుత, నీళ్లు మారుస్త. పింకీతోని సబ్బువెట్టి చేతులు కడిగిస్త."

"నా కూతురి చేతులు కడిగించడానికి మీరెవరు?"

భాగ్యమ్మ ముఖం చిన్నబోయింది.

"నేనెవర్ని బిడ్డా... ఎవర్ని గాను."

మర్నాడు పొద్దున భార్గవి అపార్ట్‌మెంట్ గ్రూపులో రాసింది: 'ఎదురింటి పిట్టల వల్ల మా పాప జబ్బుపడింది. మీ పిల్లలు జాగ్రత్త.'

రాసి, రోజూలాగే పింకీ గది కిటికీ తెరిచి ఏసీ డబ్బా మీద దోసెడు జొన్నలు చల్లింది. పావురాలు గుంపుగా వాలాయి. పావురాలకి మేత వేస్తే ఇంటికి మంచిదని, పోయిన వేసవిలో ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వాళ్లమ్మ నేర్పి వెళ్లిన అలవాటది.

సాయంత్రానికి అసోసియేషన్ సెక్రటరీ సోమేశ్వరరావు భాగ్యమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"పిట్టల్నైనా పంపించెయ్యండి, మీరైనా ఖాళీ చెయ్యండి. పిల్లల విషయం కదండీ, ఏమీ అనుకోకండి."

"ఇవి లేకుంట నేనెట్లుంట సారూ? నేనే పోత."

ఆమె సామాను వ్యాన్‌కెక్కిన రోజు పింకీ వెక్కివెక్కి ఏడ్చింది. భార్గవి తలుపు గడియపెట్టి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. గెలిచాననుకుంది.

భాగ్యమ్మ పోయింది గాని దగ్గు పోలేదు.

చివరికి గచ్చిబౌలిలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

"ఇంట్లో పక్షులున్నాయా?"

"ఎదురింట్లో ఉండేవి డాక్టర్! నెల కిందటే వెళ్లగొట్టించాం."

"ఆ ఇంట్లో ఆడుకున్నప్పుడు దగ్గు ఎక్కువయ్యేదా?"

"లేదు... రాత్రిళ్లు, తన గదిలో ఎక్కువ."

"ఆ గది దగ్గరికి పావురాలు వస్తాయా?"

భార్గవి గిరీష్ వైపు చూసింది.

"రోజూ వస్తాయి సార్. మా ఆవిడే పిలిచి మరీ పెడుతుంది" అన్నాడు గిరీష్. ఈసారి నవ్వలేదు.

మేత ఆపేశారు. ఏసీ డబ్బా మీద పేరుకున్న రెట్టంతా కడిగించారు. మెల్లమెల్లగా దగ్గు తగ్గింది.

క్షమాపణ చెప్పుకోవాలని, భాగ్యమ్మ ఎక్కడుందో చెప్పమని భార్గవి వాచ్‌మన్ లింగమూర్తిని అడిగింది.

"ఏడికి వోయిందో తెల్వదమ్మా. ఫోన్ గూడ కలుస్తలేదు" అంటూ అతను తన గదిలోంచి ఒక పంజరం తెచ్చాడు. అందులో కుంటి ఆకుపచ్చ పిట్ట. "గిది పింకీ పాపకంట. వాళ్లమ్మ కోపం తగ్గినంక ఇయ్యమన్నది."

భార్గవి పంజరాన్ని ఇంటికి తెచ్చి హాల్లో పెట్టింది. తన మీద దీనికి ఏం చాడీలు నేర్పిపోయిందోనని ఇంకా ఎక్కడో ఒక అనుమానం.

పిట్ట తల పక్కకి వాల్చి ఆమెను చూసింది. అచ్చం భాగ్యమ్మ యాసలోనే పలికింది.

"అమ్మ కాడికి పో బిడ్డా. అమ్మ పెడితే తిను. అమ్మ కాడికి పో."

భార్గవి పంజరం ముందు నేల మీద కూర్చుంది.

పింకీ వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులేసింది.

"పిట్టలమ్మ నాకు రోజూ ఇదే చెప్పేదమ్మా, విని విని దీనికి కూడా వచ్చేసింది."