పాత బేరింగులు

“ఇవే వేసెయ్ సాయిబూ,” అంటూ శివలింగప్ప తన అంబాసిడర్ ఇంజనులోంచి నేను విప్పిన అరగాజుల్లాంటి బేరింగులను ఏరి ట్రేలో పెట్టాడు. పాత సామాను మళ్లీ బిగించాలంటే బండి యజమానే తన చేత్తో ఎత్తి పెట్టాలన్నది పెనుకొండలో నా షెడ్డు ఆచారం. ఆ చెయ్యి కాస్తయినా వెనకాడుతుందేమోనని చూస్తాను. ఆయనది వెనకాడలేదు.

“పైపూత అరిగి రాగి తేలిందప్పా. మనుషులను ఎక్కించుకుని ఘాటెక్కితే ఇంజను పట్టేస్తాది.”

“పట్టేస్తే నాకేమి? రేపు జయరాముడు కొంటాండాడు. వాని ఊరు హిందూపురం దాకా పోతే సాలు.”

ఆయన టీకి పోయాడు. అంతలోనే బండి చూసుకోవడానికి జయరాముడు వచ్చాడు. ఒకరి బేరంలో నేను నోరు పెట్టను. ఆ రోజు పెట్టాను.

“ఈ బండి కొనొద్దబ్బా. లోపల అరిగిపోయిన బేరింగులే వేయమంటాండాడు.”

“తెలుసులే మామా. అందుకే చౌకగా ఇస్తాండాడు.”

“తెలిసే నడుపుతావా?”

వాడు నవ్వాడు. “నేనేల నడుపుతా? గాండ్లపెంట నల్లప్పకు అమ్మేదానికి అప్పుడే మాట్లాడినా. పెండ్లి బాడుగలకు తిప్పుకుంటాడంట. నువ్వు మాత్రం ఈ బేరింగుల మాట నల్లప్పతో అనగాకు.”

మోసపోతున్నాడని ఇంతసేపూ నేను జాలిపడింది వీడి మీద!

ట్రేలోని బేరింగులను ఒక్కొక్కటే దాగలి మీద పెట్టి, సుత్తితో రేకుల్లా సాగగొట్టాను.

“ఏం చేస్తాండావు మామా! పిచ్చి పట్టిందా?”

“శివలింగప్పను పిలువు. ఇద్దరూ కలిసి ఈ బండిని నా షెడ్డులోంచి తోసుకుని పోండి.”