తొంభై శాతం గురి

సాయిచంద్ బాణం మళ్లీ రాక్షసుడి గుండెల్లో దిగింది.

“ఎట్లుందక్కా నా గురి?” హెడ్‌సెట్‌లో అతని గొంతు.

“సూపర్,” అంది కిరణ్మయి. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో ఆమె పక్క సీటు అతనిది.

ఉదయ్ భాస్కర్‌కి ఒళ్లు మండింది. తన బాణాలూ తగులుతూనే ఉన్నాయి, భార్య నోట ఆ మాట మాత్రం రాదు. తెర మీద ముగ్గురి పేర్ల పక్కనా బాణం తగిలే అవకాశం కనిపిస్తోంది: తనది తొంభై శాతం, సాయిచంద్‌ది ఎనభై, కిరణ్మయిది ముప్పై.

మైక్ ఆపేశాడు.

“నీ పాయింట్లన్నీ తోడున్నవాళ్లలో ఒకరి గురి పెంచే మంత్రానికే పోశావు. నీ బాణం ఒక్కటీ తగలదు. అంతా అతని కోసమేగా?”

కిరణ్మయి కూడా తన మైక్ ఆపేసింది.

“ఆ మంత్రం తీసెయ్. అప్పుడెంత కొడతాడో చూస్తా.”

“నిజంగా తీసెయ్యమంటావా?”

“ఏం, అతను ఓడిపోతాడని భయమా?”

కిరణ్మయి బటన్ నొక్కింది.

సాయిచంద్ పేరు పక్కన ఎనభై అలాగే ఉంది. ఉదయ్ పేరు పక్కన తొంభై కాస్తా నలభైకి పడిపోయింది.

“ఇగ నువ్వు కొట్టన్నా,” అన్నాడు సాయిచంద్. “నీ గురి తప్పదు గదా.”