ముందు సీటు

"హారన్ కొట్టి చూడొచ్చా?" అన్నాడు అనంతరామయ్య, అడగడమూ నొక్కడమూ ఒకేసారి కానిచ్చేసి. ఫార్మింగ్టన్ హిల్స్ శివారులోని ఆ ఖాళీ స్థలమంతా దద్దరిల్లిపోయింది.

"ఏమండీ! చిన్నపిల్లాడిలా ఏంటా పని?" అని కసిరింది కోటమ్మ. కసిరిందే గానీ ఆవిడకీ నవ్వు ఆగడంలేదు.

అది మోటార్‌హోమ్. వంటగది, మంచం, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే బస్సు. అమ్మిపెడుతున్నవాడు అమర్‌నాథ్. 2009లో కార్ల కంపెనీవాళ్ళు ఉద్యోగం ఊడబెరికాక ఈ బ్రోకర్ పనిలో పడ్డాడు. తనలాగే రోడ్డున పడ్డవాళ్ళు వదిలించుకుంటున్న పాత బళ్ళను కమిషన్ మీద అమ్ముతాడు. ఒకరి సరదా తీరిపోయాక ఇంకొకరికి అంటగట్టడం, అంతే వ్యాపారం.

డబ్బు మాత్రం అనంతరామయ్యదే. గ్రీన్‌కార్డులు వచ్చేశాయి, ఇక వెనక్కి వెళ్ళేది లేదని గుడివాడలో ఉన్న ఒక్క స్థలమూ అమ్మి కొడుకు చేతిలో పోశాడు. "మీకోసం ఓ మంచి మోటార్‌హోమ్ చూస్తాను నాన్నా" అని జగన్మోహన్ అన్నప్పటినుంచీ ఆయనకు సరిగ్గా నిద్రలేదు.

"ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశానయ్యా," అన్నాడు అమర్‌నాథ్‌తో. "గుడివాడ నుంచి కైకలూరు, కైకలూరు నుంచి గుడివాడ. ఎప్పుడూ జనం వైపు తిరిగి టిక్కెట్లు కొట్టడమే. ముందు అద్దంలోంచి రోడ్డు ఎలా ఉంటుందో తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. డ్రైవింగ్ మావాడు చేస్తాడు. నాకు ఈ పక్క సీటు చాలు."

"ఇంజిన్ కత్తిలా ఉంది బాబాయ్‌గారూ. కాలిఫోర్నియా దాకా వెళ్ళి వచ్చినా..."

"అమర్, ముందు హీటర్ సంగతి చెప్పు," అడ్డొచ్చాడు జగన్మోహన్. "స్నో పడేటప్పుడు రాత్రంతా ఆన్‌లో ఉంచొచ్చా? బ్యాక్‌యార్డ్‌లో పార్క్ చేస్తే మా గరాజ్ ప్లగ్ సరిపోతుందా?"

"సరిపోతుంది. గ్యాస్ ట్యాంక్ కూడా ఉంది."

"చూశావుటే?" అనంతరామయ్య భార్య చెవిలో అన్నాడు. "మనకి చలి తగలకూడదని ఎంత ఇదవుతున్నాడో!"

కోడలు నళిని బాత్‌రూమ్‌లోంచి తల బయటపెట్టింది. "షవర్ దగ్గర పట్టుకోడానికి రాడ్ ఏదైనా ఫిక్స్ చేయించగలరా అమర్ గారూ? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఇంకోటి, ఇందులో చేపలు వండితే వాసన బయటికి పోతుందా?"

కోటమ్మకు కళ్ళు చెమర్చాయి. కార్పెట్‌కి వాసన పడుతుందని ఆ ఇంట్లో చేప ముక్క వండక ఎంత కాలమైందో.

"నా పులుసు గుర్తుపెట్టుకున్నావా తల్లీ!"

"ఇందులో మీ ఇష్టమొచ్చింది వండుకోండి అత్తయ్యా. ఎవ్వరూ ఏమీ అనరు."

"డిసెంబర్‌లో నళిని వాళ్ళ అమ్మానాన్నలు వస్తున్నారు అమర్," అన్నాడు జగన్మోహన్. "ఈలోపే అంతా రెడీ అయిపోవాలి."

"వియ్యంకుడు వస్తే ఇంకేం కావాలిరా!" అనంతరామయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అందరం ఫ్లోరిడా పోదాం. అక్కడ చలి ఉండదట. మంచం ఆయనకి ఇచ్చేసి నేను కింద పడుకుంటా. ముందు సీటు మాత్రం ఇవ్వను. ఇప్పుడే చెప్తున్నా!"

నళిని ఫోన్ చూసుకుంటోంది. జగన్మోహన్ కుళాయి తిప్పి నీళ్ళు వస్తున్నాయో లేదో చూస్తున్నాడు.

అమర్‌నాథ్ జేబులోంచి బండి తాళాలు తీశాడు. "ఒక రౌండ్ వేసొద్దామా?"

"టెస్ట్ డ్రైవ్ ఎందుకులే. నీమీద నమ్మకం ఉంది," అన్నాడు జగన్మోహన్.

"వెనక టైరొకటి బాగా అరిగింది. ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"టైరు సంగతి వదిలెయ్. ఈ మెట్టు చూడు, ఎంత ఎత్తుందో. నాన్న పడిపోతాడు. కింద చెక్క మెట్టొకటి గట్టిగా బిగించాలి."

ఇంత మంచి బేరం అమర్‌నాథ్‌కు ఎప్పుడూ తగల్లేదు. వచ్చిన ప్రతివాడూ బండి కింద దూరి, ఇంజిన్ కెలికి, వంద వంకలు పెట్టి ప్రాణం తీసేవాడే. ఇతనొక్కడే తల్లిదండ్రుల సుఖం తప్ప ఇంకేమీ అడగడంలేదు. తన తండ్రిని ఏనాడైనా ఇలా చూసుకున్నానా అని అమర్‌నాథ్‌కు లోలోపల సిగ్గేసింది కూడా.

అనంతరామయ్య ముందు సీటులో సర్దుకుని కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు. ఎదురుగా ఇంత పెద్ద అద్దం. అద్దం అవతల రోడ్డు తిన్నగా, ఎక్కడికో పోతోంది.

"ఇలాంటి కొడుకు ఎంతమందికి ఉంటాడే కోటమ్మా?" అన్నాడు. సిగ్గుపడకుండా కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ వీడికి మనమంటే పట్టదనుకున్నాను. పాపిష్టివాణ్ణి."

"ఊరుకోండి, పిల్లలు వింటారు," అంది కోటమ్మ వెనక సీటులోంచి. ఆవిడా ముక్కు చీదుకుంటోంది.

ఆయన తలుపు మీద దబదబా రెండు దెబ్బలు చరిచి, ఏళ్ళ తర్వాత గొంతెత్తి అరిచాడు.

"రైట్! రైట్! పోనీరా జగనూ!"

జగన్మోహన్ నవ్వుతూ తండ్రికి చెయ్యి ఊపాడు. అమర్‌నాథ్ భుజం మీద చెయ్యేసి అతన్ని బండి వెనకవైపుకి నడిపించుకెళ్ళాడు. ముందు సీటుకు వినబడనంత దూరం వచ్చాక గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంజిన్ నువ్వే తీసేసుకుంటే ఎంత తగ్గిస్తావ్?"